ఐసోఫ్లేవోన్లు

సోయాకూ రొమ్ము క్యాన్సర్‌కూ ముడిపెట్టే వార్తల్లో తరచూ కనిపించే మాట ఇది. సోయా చిక్కుళ్లలో సహజంగా ఉండే, ఈస్ట్రోజన్ హార్మోన్‌ను పోలిన పదార్థాలే ఐసోఫ్లేవోన్లు. జెనిస్టీన్, డైడ్జీన్ వీటిలో ముఖ్యమైనవి. కిరాణా కొట్లో కొని, వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి కుర్మాలో వేసే మీల్ మేకర్‌లోనూ ఇవి ఉంటాయి.

కణాల్లోని ఈస్ట్రోజన్ గ్రాహకాలకు ఇవి అతుక్కుంటాయి. ప్రభావం మాత్రం అసలు హార్మోన్ కంటే చాలా తక్కువ. జెనిస్టీన్ ఇచ్చిన ఎలుకల్లో కణితులు పెరగడంతో, సోయా రొమ్ము క్యాన్సర్‌ను పెంచుతుందన్న భయం బలపడింది. మనుషుల్లో అలా తేలలేదు. షాంఘైలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 5,042 మంది మహిళలపై 2009లో వెలువడిన అధ్యయనంలో, సోయా ఎక్కువగా తిన్నవారిలో జబ్బు తిరగబెట్టడం, మరణాలు తక్కువగా కనిపించాయి. అంతమాత్రాన సోయా మందు కాదు. మాత్రల్లో వచ్చే గాఢమైన ఐసోఫ్లేవోన్ల సంగతి వేరు: రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామాక్సిఫెన్ మందు వాడేవారు డాక్టర్‌ను అడగకుండా వాటి జోలికి వెళ్లకూడదు.