ముందే దరఖాస్తు.. సంతకానికి తొందరొద్దు

‘సార్, ఈ కాగితం మీద మీరూ సంతకం పెడితే పాపకు అమెరికా కాలేజీలో సీటు ముందే ఖాయమవుతుందంట’ అంటూ ఆమధ్య ఒక తల్లి మా బడికొచ్చారు. చదివి చూస్తే అది ‘ఎర్లీ డెసిషన్’ ఒప్పందం. విద్యార్థి, తల్లి లేదా తండ్రి, బడి తరఫున ఒకరు సంతకాలు చేయాలి. సీటు వస్తే అక్కడికే వెళ్లాలి, మిగతా దరఖాస్తులు వెనక్కి తీసుకోవాలి. ఆర్థిక సాయం చాలకపోతే తప్పుకోవచ్చు గానీ, వేరే కాలేజీ ఎంత ఇచ్చేదో తెలిసే వీలుండదు. అప్పు చేసి చదివించే ఇళ్లకు అదే అసలు చిక్కు.

ఆమెకు మేం చెప్పింది ‘ఎర్లీ యాక్షన్’ గురించి. ఇందులోనూ చాలాచోట్ల నవంబరు 1కే దరఖాస్తు పంపాలి. జవాబు ఎక్కువగా డిసెంబరు, జనవరిల్లో వస్తుంది. కానీ కట్టుబాటు లేదు. సీటిచ్చిన కాలేజీల సాయం లెక్కలు పక్కపక్కన పెట్టుకుని మే 1లోగా తేల్చుకోవచ్చు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌లది మాత్రం కొంచెం మెలిక. అక్కడా కట్టుబాటు లేదు, కానీ అదే విడతలో వేరే ప్రైవేటు కాలేజీలకు ముందస్తు దరఖాస్తు పెట్టకూడదు. మొదటి మూడూ విదేశీ విద్యార్థి సాయం అడిగాడని సీటు విషయంలో వెనక్కి నెట్టవు. స్టాన్‌ఫర్డ్ దాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. తల్లిదండ్రులు ముందుగా అడగాల్సింది ఇదే.

ముందస్తు ప్రవేశాలు ఉన్నవాళ్లకే కలిసొస్తున్నాయని 2006లో హార్వర్డ్, ప్రిన్స్‌టన్ వాటిని ఎత్తేస్తామన్నాయి. 2011లో మళ్లీ తెచ్చాయి. వాళ్ల అనుమానం నిజమేనని మాకు అనుభవమైంది. మా విద్యార్థిని ఒకరు రాయాల్సినవన్నీ సెప్టెంబరుకే రాసిపెట్టుకుంది. మేమే సిఫారసు లేఖలు అక్టోబరు చివర్లో మొదలుపెట్టాం. తెలుగులో ఉన్న పాత మార్కుల రిజిస్టరు ఇంగ్లిషులోకి మార్చి ముద్ర వేసేసరికి గడువు దాటింది. పాప జనవరి విడతకు పోవాల్సి వచ్చింది. తప్పు మాదే.

పన్నెండో తరగతి ఫలితాలు అప్పటికి రావు కాబట్టి, నవంబరులో వాళ్లు చూసేది తొమ్మిది నుంచి పదకొండు దాకా మార్కులు, టీచర్ల లేఖలు. ‘మంచి విద్యార్థిని, క్రమశిక్షణ గలది’ అని రాస్తే సరిపోదు. ఆ పిల్ల తరగతిలో ఏం అడిగింది, ఏం చేసింది రాయాలి. పేర్లతో ఇంకో తంటా: తమిళనాడు బడి రికార్డులో తండ్రి పేరు ఇనిషియల్, పాస్‌పోర్టులో ఇంటిపేరు. జూన్‌లోనే సరిచూసుకోకపోతే అక్టోబరులో తాలూకా ఆఫీసు చుట్టూ తిరగాలి. జీతపు చీటీ లేని వ్యాపారస్తులు ఆదాయం లెక్కలు కూడా అప్పుడే రాయించుకోవాలి.

ఆ తల్లి తెచ్చిన కాగితం ఇంకా మా బల్ల సొరుగులోనే ఉంది, సంతకం లేకుండా. వాళ్ల పాప తొమ్మిదో తరగతి మార్కుల కోసం పాత బడికి మొన్న ఉత్తరం రాశాం.