నారు మూన తిరగాలంటే

పిల్లలూ,

కిందటేడు సెప్టెంబరులో మా క్వార్టరు కిటికీలో వంగనారు పోశాం. నాలుగు వారాలు కంటికి రెప్పలా చూసుకున్నాం. ఒక ఆదివారం మధ్యాహ్నం తీరిక దొరికిందని ఇరవై మొక్కలనూ తీసుకెళ్ళి పెరట్లో నాటేశాం. బుధవారానికి పద్నాలుగు ఎండిపోయాయి. నీళ్ళు తక్కువై కాదు, తెగులు సోకీ కాదు, మా తొందర వల్ల. ఈసారి ఆ తప్పు చేయలేదు. మీరూ చేయకూడదని ఇది రాస్తున్నాం.

అసలు నారు ఇంట్లో ఎందుకు పోయాలి? మంచు కురిసే దేశాల్లో చలికి జడిసి ఇంట్లో పోస్తారు. సూరత్‌లో వానకు జడిసి పోయాలి. జూన్‌లో పట్టుకున్న వాన ఇక్కడ సెప్టెంబరులోనూ వదలదు. ఆరుబయట విత్తిన సన్నటి గింజలు జోరువానకు కొట్టుకుపోతాయి. వానలు పోయేదాకా ఆగితే కాపు ఆలస్యమవుతుంది. మన సంక్రాంతి ఇక్కడి ఉత్తరాయణ్. ఆ రోజుల్లో ఇంటింటా ఉంధియు వండుతారు. అందులో వేసే చిన్న వంకాయలను ఇక్కడ రవైయా అంటారు. మన గుత్తివంకాయ కూరకూ అవి చక్కగా సరిపోతాయి.

అన్నిటికీ నారు అక్కరలేదు. వంగ, టమాటా, మిరప, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు పోసి నాటుకోవాలి. చిక్కుడు, బెండ, గోంగూర, ముల్లంగి నేరుగా విత్తాలి. ముల్లంగి వేరు కదిపితే దుంప వంకర తిరుగుతుంది.

ఖాళీ పాల ప్యాకెట్లు కడిగి, అడుగున నాలుగు చిల్లులు పెట్టండి. మట్టి, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు సమంగా కలిపి నింపండి. ఒక్కో ప్యాకెట్లో రెండేసి గింజలు వేసి, అర సెంటీమీటరు మందాన మట్టి కప్పండి. టమాటా సుమారు వారంలో మొలుస్తుంది, వంగకు వారం పది రోజులు పడుతుంది, మిరప ఇంకాస్త సతాయిస్తుంది. మొలక కనబడగానే ప్యాకెట్లను వెలుతురు బాగా వచ్చే కిటికీ దగ్గరకు జరపండి. వెలుతురు చాలకపోతే మొక్క దాన్ని వెతుక్కుంటూ సన్నగా సాగి వాలిపోతుంది. పైమట్టి ఆరాకే నీళ్ళు పోయండి. ఎప్పుడూ తడిగా ఉంటే నారుకుళ్ళు వస్తుంది. కాండం మట్టి దగ్గర మెత్తబడి మొక్క పడిపోతుంది.

నాలుగైదు వారాలకు వంగనారు నాటడానికి వస్తుంది. మేము తప్పు చేసింది సరిగ్గా ఇక్కడే. ఇంట్లో పెరిగిన ఆకు లేతగా ఉంటుంది. దాని మీది మైనపు పొర పల్చన. గాలి తగలని కాండానికి బలం ఉండదు. ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకు నీటిని పోగొట్టుకుంటుంది. అందుకే నాటడానికి ముందు వారం రోజులు నారును గట్టిపరచాలి. మొదటి రెండు రోజులు గంటసేపు వరండా నీడలో ఉంచండి. తరువాత రెండు రోజులు పొద్దుటి ఎండలో రెండు మూడు గంటలు. ఆపైన సగం రోజు, చివరికి పగలూ రాత్రీ బయటే. ఈ వారం నీళ్ళు కాస్త తగ్గించండి, కానీ వాడిపోనివ్వకండి. ఆకు ముదురుతుంది, గాలికి ఊగి ఊగి కాండం బలపడుతుంది.

నాటేది సాయంత్రమే. గంట ముందు ప్యాకెట్ తడిపి, కత్తిరించి, మట్టిగడ్డ విడిపోకుండా గుంతలో దించండి. వంగకు రెండడుగుల ఎడం కావాలి. కుండీ అయితే ఒక్క మొక్కే. మూడు రోజులు మధ్యాహ్నం ఎండ తగలకుండా నీడ కట్టండి.

మర్నాడు మొక్క తల వేలాడేసినా భయపడకండి. నాటేటప్పుడు ఎంత జాగ్రత్త పడినా నూగువేళ్ళు కొన్ని తెగుతాయి. మొక్క పైకి ఎదగడం ఆపి కింద వేళ్ళు పనిలో పడుతుంది. గోదావరి జిల్లాల్లో నాట్లు వేసిన రైతు, పైరు పసుపు తిరిగినా కంగారు పడడు. వారం పది రోజుల్లో మళ్ళీ పచ్చబడుతుందని తెలుసు. దీన్నే మూన తిరగడం అంటారు. ఆ రోజుల్లో ఎరువులు వేయకూడదు, వేరు పట్టిందో లేదోనని పీకి చూడకూడదు. కొత్త బడిలో మొదటి వారాలు మాట పెగలని పిల్లల సంగతీ అంతే. ఆరు ఊళ్ళు మారిన మాకు అది బాగా తెలుసు. మరమగ్గాల పనికోసం తెలంగాణ నుంచి ఈ ఊరొచ్చిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఇక్కడే మూన తిరిగాయి. సూరత్ నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది.

అక్టోబరులో ఏడో తరగతి అమ్మాయి ఒకతె మమ్మల్ని అడిగింది: "మేడం, నాన్నకు బదిలీ అయ్యేలా ఉంది. కాయలు కాసేనాటికి మేము ఉండం. నాటి ఏం లాభం?"

మా పెరట్లో కరివేపాకు చెట్టుంది. నాటినవాళ్ళు ఎవరో మాకు తెలియదు. మూడేళ్ళుగా రోజూ దాని ఆకే కోసుకుంటున్నాం. ఆ మాటే చెప్పాం. ఆ అమ్మాయి వాళ్ళ క్వార్టరు ముందు నాలుగు వంగమొక్కలు నాటింది. నవంబరులో వెళ్ళిపోతూ, ఎప్పుడెప్పుడు నీళ్ళు పోయాలో కాగితం మీద రాసి పక్కింటి వాళ్ళకిచ్చింది.

జనవరిలో వాటి కాయలు మేమూ, ఆ పక్కింటి వాళ్ళూ పంచుకున్నాం. ఫోటో పంపితే జవాబొచ్చింది: "ఇక్కడ కిటికీలో మిరప విత్తాను మేడం. ఆరు రోజులైంది, ఇంకా మొలవలేదు."

మిరప కదా, ఇంకో వారం చూడమన్నాం.