మనస్తత్వజ్ఞులు మందుచీటీ వ్రాయవచ్చునా?

జ్వరము వచ్చినచో ఇరుగుపొరుగు వారికి చెప్పుకొందుము. మనస్సు చెదరినచో తలుపులు మూసికొందుము. మన కుటుంబములలో నేటికిని ఇదియే వాడుక. తొండియార్‌పేటలో పిల్లలకు తెలుగు చెప్పుచు చాలకాలము గడపిన నాకు ఈ మౌనము వలన కలుగు కీడు కన్నులార తెలిసినది. వైద్యుడను గాకున్నను, మానసికవ్యాధులకు మందు వ్రాయు అధికారము ఎవరికుండవలెనను ప్రశ్నను గూర్చి తెలిసికొన్నంత మట్టుకు విన్నవించుచున్నాను.

మొదట ఇరువురి భేదమును గుర్తింపవలెను. సైకియాట్రిస్టు వైద్యశాస్త్రమును చదివి, పిదప మానసికవ్యాధి చికిత్సలో ప్రత్యేకముగా శిక్షణ పొందినవాడు. క్లినికల్ సైకాలజిస్టు మనస్తత్వశాస్త్రమును అభ్యసించి, పరీక్షల చేతను సంభాషణ చేతను రోగి మనస్సును చక్కదిద్దువాడు. మన దేశమున మొదటివానికి మందుచీటీ వ్రాయు అధికారము కలదు, రెండవవానికి లేదు.

ఈ భేదమునకు ప్రాముఖ్యము వచ్చుట మందులు వచ్చిన పిదపనే. మన నగరమున 1794లో వెలసి, 1871లో కీల్పాకమునకు తరలిన మానసిక వైద్యశాల వంటి వానిలో చిరకాలము రోగులను కాపాడి యుంచుటయే ముఖ్యకార్యముగా నుండెను. మన సర్పగంధి వేరునందలి గుణమును 1931లో గణనాథసేన్, కార్తీకచంద్రబోస్ గార్లు శాస్త్రపత్రికాముఖమున ప్రకటించిరి. 1952లో ఫ్రాన్సుదేశమున క్లోర్‌ప్రొమజీన్ వాడుకలోనికి వచ్చెను. నాటినుండి మానసికచికిత్సలో మాత్రకును మాటకును సమానమైన స్థానము ఏర్పడినది. మాటచే చికిత్స చేయువాడు మాత్రను కూడ ఏల ఈయరాదను ప్రశ్న అప్పుడు పుట్టినది.

ఈ ప్రశ్నను ఉద్యమముగా నడపినవారు అమెరికా సైకాలజిస్టులు. అచ్చటి రక్షణశాఖ 1991లో ప్రారంభించిన ప్రయోగమున పదిమంది సైకాలజిస్టులు ఔషధవిద్యలో శిక్షణ ముగించిరి. రాష్ట్రములలో మొట్టమొదట న్యూ మెక్సికో 2002లో వారికి ఈ అధికారము నిచ్చుచు చట్టము చేసెను. 2004లో లూసియానా అనుసరించెను. 2024 నాటికి అట్టి రాష్ట్రములు ఏడైనవి. అధికారమునకు కట్టుబాట్లును కలవు. ఇల్లినాయ్ రాష్ట్రమున 2014లో చేసిన చట్టము పదునేడేండ్లు నిండని వారికిని, అరువదియైదేండ్లు దాటిన వారికిని, గర్భిణులకును సైకాలజిస్టు మందు వ్రాయరాదని నిషేధించెను.

అనుకూలవాదుల మాటలో బలము లేకపోలేదు. రోగితో గంటల కొలది మాటలాడువాడు సైకాలజిస్టు. మందు పనిచేయుచున్నదో లేదో అతడే ముందుగా గ్రహింపగలడు. వైద్యుల కొరత గల పల్లెలలో రోగి నెలల తరబడి వేచియుండ నక్కరలేదు. ప్రతివాదుల మాటయు విచారింపదగినదే. థైరాయిడు గ్రంథి మందగించినను దిగులువ్యాధి వంటి లక్షణములే కనిపించును. లిథియము నిచ్చునప్పుడు రక్తమును, మూత్రపిండములను తరచు పరీక్షింపవలెను. మనస్సునకిచ్చిన మందు దేహమంతటను వ్యాపించును గదా!

మన చట్టము ఈ విషయమున స్పష్టముగా నున్నది. 2017లో చేయబడి 2018 మే 29 నుండి అమలైన మానసికారోగ్య సంరక్షణ చట్టము, తన వృత్తిపరిధికి మించిన మందును గాని చికిత్సను గాని ఏ నిపుణుడును సూచింపరాదని 106వ విభాగమున శాసించినది. మరియు అమెరికాలో సైకియాట్రిస్టులకంటె సైకాలజిస్టులు మిక్కిలి అధికులు. మన దేశమున క్లినికల్ సైకాలజిస్టులే తక్కువ. కొరత గలవానికి అధికారమిచ్చినంత మాత్రమున కొరత తీరదు.

మన దేశము వేరు మార్గమును త్రొక్కినది. తెలుగువారు అనేకులు నివసించు బళ్ళారి జిల్లాలో 1980 దశకమున బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థవారు ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల సామాన్యవైద్యులకు మానసికవ్యాధులను గుర్తించి మందిచ్చుట నేర్పిరి. ఆ నమూనాపైననే 1996లో జిల్లా మానసికారోగ్య కార్యక్రమము ఏర్పడినది. దేహమును ఎరిగిన వైద్యునికి మనస్సును గూర్చి నేర్పుట ఇందలి పద్ధతి.

అయినను చీటీతో సమస్య తీరదు. కొన్నియేండ్ల క్రిందట మా తరగతిలోని ఒక బాలుని తల్లి నిద్రాహారములు లేక కృశించుచుండెను. ఒక వైద్యశాలలో మాత్రలు వ్రాసి యిచ్చిరి. గుణము కనిపించుటకు కొన్ని వారములు పట్టునని ఆమెకు తెలియు భాషలో చెప్పినవారు లేరు. ఎనిమిదవనాడు ఆమె నాతో, “అయ్యవారూ, ఆ మాత్రలు నాకు పడలేదు, మానివేసితిని” అనెను. పిదప తెలుగు వచ్చిన సైకాలజిస్టు ఒకరు ఆమె మాటలు ఓపికతో విని, విషయమును బోధించి, తిరిగి వైద్యుని యొద్దకు పంపిరి. ఆమె క్రమముగా కోలుకొనెను. ఆ సైకాలజిస్టునకు చీటీ వ్రాయు అధికారము లేదు. అయినను ఆ చీటీకి ఫలము కలిగించినవారు వారే.

కావున నా విన్నపమిది. మన దేశపు నేటి స్థితిలో మందు వ్రాయుట వైద్యునికే యుండుట మేలు. కాని ఆ వైద్యుని ప్రక్కన రోగి భాషలో మాటలాడు సైకాలజిస్టు ఉండితీరవలెను. చదువులో ముందున్న మన పిల్లలలో కొందరైనను ఈ వృత్తిని చేపట్టునట్లు పెద్దలు ప్రోత్సహింతురు గాక. అంతవరకు, 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సహాయమును 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే పొందవచ్చునని ఇంటింట తెలుపుదము. ముందు మూసిన తలుపు తెరచికొనవలెను; వైద్యుడు లోనికి వచ్చుట ఆ తరువాతి మాట.