కొలోను నగరపు రెండు చిత్రములు

జర్మనీ దేశమున రైను నది యొడ్డున కొలోను అను ప్రాచీన నగరము కలదు. యేసుక్రీస్తు జన్మించినప్పుడు నక్షత్రమును చూచుకొనుచు వచ్చి, ఆ శిశువునకు కానుకలు సమర్పించిన తూర్పు దేశపు జ్ఞానుల కథను శ్రోతలలో పలువురు వినియే యుందురు. ఆ జ్ఞానుల అస్థులని భక్తులు విశ్వసించునవి 1164వ సంవత్సరమున ఇటలీలోని మిలాను నుండి ఈ నగరమునకు తేబడినవి. నాటినుండి ఆ కథ కొలోను ప్రజలకు పరదేశపు కథ కాదు, తమ యూరి కథయే. పదునైదవ శతాబ్దమున ఇంచుమించు పది పదునైదేండ్ల వ్యవధిలో ఇద్దరు మహాచిత్రకారులు ఈ కథనే ఈ నగరమునకై చిత్రించిరి. ఆ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, ఆ కాలపు జర్మను మతచిత్రకళలో వచ్చిన పెద్ద మార్పు మనకు బోధపడును.

మొదటిది స్టెఫాన్ లోఖ్‌నర్ వ్రాసినది. 1440 తరువాత కొలోను నగరసభవారి ప్రార్థనామందిరమునకై ఆయన దీనిని రచించెను. నేడిది అచ్చటి ప్రధాన దేవాలయములో నున్నది. నడిమి పలకపై మేరీమాత కిరీటము ధరించి, శిశువును ఒడిలో నుంచుకొని కూర్చున్నది. జ్ఞానులు రాజుల వేషములతో ఆమె కిరువైపుల నున్నారు. పశువుల పాక లేదు, ఊరు లేదు, ఆకాశము లేదు. వెనుక నున్నదంతయు బంగారమే. రెండు ప్రక్క పలకలపై నగరమును రక్షించు పుణ్యాత్ములు ఉర్సులయు గెరెయోనును తమ పరివారములతో నిలిచియున్నారు. ఇది ఒకనాడు ఒకచోట జరిగిన సంఘటన కాదు, దేశకాలములకు అతీతమైన దివ్యసభ.

రెండవది రోజియర్ వాన్ డెర్ వైడెన్ వ్రాసినది. ఆయన జన్మస్థానము టూర్నే. బ్రస్సెల్సు నగరపు అధికార చిత్రకారుడై 1464లో మరణించెను. సుమారు 1455 ప్రాంతమున వ్రాసిన యీ చిత్రము కొలోనులోని సెయింట్ కొలంబా దేవాలయమున నుండెను. నేడు మ్యూనిక్ నగరపు ఆల్టె పినకొథెక్ చిత్రశాలలో నున్నది. ఇందు బంగారపు తెర మాయమైనది. శిథిలమైన కట్టడమునకు కప్పు వేసిన పాక, వెనుక నీలాకాశము, దాని క్రింద వీధులతో కూడిన నగరము కానవచ్చును. చిన్నవాడైన రాజు అప్పుడే వచ్చి తలపై టోపీ తీయుచున్నాడు. ఎడమ అంచున గోడ వెనుక చిత్రమును వ్రాయించిన దాత జపమాల చేతబట్టి యున్నాడు. పాక నడిమి స్తంభమునకు చిన్న శిలువ వ్రేలాడుచున్నది. శిశువు పుట్టిన దినముననే వాని మరణచిహ్నము అచ్చట నుండుట చరిత్రకు విరుద్ధమే. కాని ఇప్పుడే జన్మించిన బిడ్డడు దేనికై జన్మించెనో చిత్రకారుడు ఒక్క గురుతుతో చెప్పినాడు.

ఈ పద్ధతి నెదర్లాండ్సులో, అనగా నేటి బెల్జియము, హాలెండు ప్రాంతములలో వృద్ధిపొందినది. హ్యూబర్ట్, యాన్ వాన్ ఐక్ సోదరులు ఘెంటు నగరమున వ్రాసిన మహాచిత్రము 1432లో పూర్తియైనది. తైలవర్ణములను యాన్ కనిపెట్టెనని పూర్వము చెప్పుచుండిరి. అది నిజము కాదు. నూనెతో రంగు కలుపుట అంతకు మూడు శతాబ్దముల ముందే గ్రంథస్థమైనది. నెదర్లాండ్సువారి గొప్పతనము దాని నుపయోగించిన తీరులో నున్నది. సుద్దతో తెల్లగా నునుపుచేసిన చెక్కపలకపై, అవిసెనూనెలో నూరిన రంగులను పలుచని పొరలుగా వారు పూసిరి. వెలుగు ఆ పొరలలో దూరి, అడుగు తెలుపును తాకి, మరల బయటికి వచ్చును. అందుచే మణి మణివలె, కన్నీరు కన్నీరువలె మెరయును. బంగారు రేకు దేవాలయములోని దీపముల వెలుగును మన కనులకు త్రిప్పి పంపును. తైలవర్ణమో, తన వెలుగును తనలోనే చూపును.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. దేవమాతను మన యింటివంటి యింటిలో, మన వీధివంటి వీధి ముందర చూపినచో ఆమె మహిమకు లోపము రాదా? నెదర్లాండ్సు చిత్రకారుల సమాధానము స్పష్టము. దైవము మనుష్యుడై పుట్టెనని నమ్మినవారికి మనుష్యుల యిల్లు అపవిత్రము కాదు. రోజియర్ ఎడమ పలకపై మంగళవార్త తెచ్చిన దేవదూత మేరీమాత పడకగదిలోనికే వచ్చియున్నాడు.

ఈ సమాధానము జర్మనీకి మూడు మార్గముల ప్రవేశించినది. మొదటిది, రోజియర్ చిత్రమువలె పలకలే దిగుమతియగుట. రెండవది, పని నేర్చిన యువకుల దేశసంచారము. కొల్మారు నగరవాసియైన మార్టిన్ షోన్‌గౌవర్ బర్గండీలోని బోను నగరమున రోజియర్ వ్రాసిన అంతిమతీర్పు చిత్రములోని క్రీస్తును చూచి గీచిన రేఖాచిత్రము నేటికిని పారిసులోని లూవ్రులో నున్నది. మూడవది అచ్చు. షోన్‌గౌవర్ తండ్రి స్వర్ణకారుడు. కుమారుడు రాగిరేకులపై నూరు పైగా చిత్రములను చెక్కెను. పెద్ద పలకను బండి మోయవలెను. అచ్చుకాగితము వర్తకుని సంచిలో పోవును. రోజియర్ కల్పించిన భంగిమలును వస్త్రముల మడతలును ఆ కాగితములపై ఊరూరికి ప్రయాణించెను.

అయినను జర్మనులు బంగారమును వెంటనే విడువలేదు. కొలోనులోనే, పేరు తెలియక “మేరీమాత జీవితచిత్రకారు”డని పిలువబడు ఒకాయన, నెదర్లాండ్సు ముఖములను, వస్త్రములను స్వీకరించియు వెనుక బంగారపు ఆకాశమునే నిలిపెను. దీనిని అజ్ఞానమనుట పొరపాటు. జర్మను దేవాలయములలో పెక్కుచోట్ల బలిపీఠము నడుమ బంగారు పూత పూసిన కొయ్యవిగ్రహము లుండును, చిత్రములు తలుపులపై నుండును. రొథెన్‌బుర్గులో ఫ్రీడ్రిఖ్ హెర్లిన్ 1466లో చిత్రించిన తలుపులు అట్టివే. విగ్రహముల కాంతితో పొత్తు కుదురవలెనన్నచో చిత్రమునకును బంగారము తోడు కావలసెను. షోన్‌గౌవర్ 1473లో వ్రాసిన “గులాబీ పందిరి మేరీమాత”యందు ప్రతి పువ్వును, ప్రతి పిట్టను నెదర్లాండ్సువారి కన్నుతో చూచి వ్రాసినాడు. కాని ఆ కొమ్మల నడుమ మెరయునది బంగారమే.

న్యూరెంబర్గులో రోజియర్ పద్ధతిని ప్రవేశపెట్టిన హాన్స్ ప్లేడెన్‌వుర్ఫ్ 1472లో మరణింపగా, ఆయన పనిశాల మిఖాయెల్ వోల్గెముట్ చేతికి వచ్చెను. ఆ పనిశాలలో 1486లో శిష్యుడుగా చేరిన బాలుడే ఆల్బ్రెఖ్ట్ డ్యూరర్. ఆయన 1492లో షోన్‌గౌవరును చూడగోరి కొల్మారునకు పోగా, ఆ గురువు అంతకు ముందటి యేడే గతించియుండెను. పిమ్మట 1520లో నెదర్లాండ్సు యాత్ర చేయుచు, కొలోనులో “స్టెఫాన్ గురువు” వ్రాసిన చిత్రపు తలుపులు తెరచి చూపించుటకు తాను కొంత డబ్బిచ్చితినని దినచర్యలో లెక్క వ్రాసికొనెను. మరుసటి సంవత్సరము ఘెంటులో వాన్ ఐక్ చిత్రమును చూచి ప్రశంసించెను.

ఆ లెక్కలోని ఒక్క పంక్తియే లేనిచో, సంతకము లేని ఆ కొలోను చిత్రమును స్టెఫాను పేరితో ముడిపెట్టుటకు మన కాధారము చిక్కకుండెడిది. పొరుగువారి విద్యను నిండుగా నేర్చిన శిష్యపరంపరలోనివాడే, తన దేశపు పాత గురువు బంగారమును చూచుటకు డబ్బిచ్చి తలుపు తెరపించెను. ఆయన కన్నులకు నీలాకాశమును, బంగారపు ఆకాశమును ఒకదాని కొకటి శత్రువులు కాలేదు.