పల్లె కష్టజీవి - పెన్సిలు చిత్రము

ఖమ్మము నగరముతో కలిసిపోయిన ఖానాపురం హవేలి మొదలు భద్రాచలపు అడవుల వఱకు కష్టజీవులకు కొదువ లేదు. మిరపతోటలలో కాయ కోయు స్త్రీలు, వేసవిలో తునికాకు సేకరించు కోయలు, రాతిపనివారు మన కన్నులయెదుటనే యున్నారు. మన చిత్రపటములలో మాత్రము అరుదుగా కానవత్తురు. కానవచ్చినను పని మాని, ముస్తాబై కూర్చున్నవారే!

దారి చూపినవారు లేకపోలేదు. 1938లో హరిపురా కాంగ్రెసు మహాసభకై గాంధీ మహాత్ముని కోరికపై నందలాల్ బోసు వేసిన పటములలో డోలు వాయించువాడును, వడ్రంగియు నిలిచిరి. ఆయన శిష్యుడైన కొండపల్లి శేషగిరిరావు మన ఓరుగల్లు సీమవాడే. 1943 నాటి కఱవులో చిత్తప్రసాదు బెంగాలు పల్లెలు తిరిగి ఆకలిగొన్నవారిని గీయగా, ఆ పుస్తకపు ప్రతులను ఆంగ్ల ప్రభుత్వము పట్టుకొని నాశనము చేయించెను. నల్లని గీతలకు దొరతనము అంత జడిసెను!

తెలంగాణములో తోట వైకుంఠము తన బూరుగుపల్లి స్త్రీలను తొలుత బొగ్గుతోనే గీసెను. ఆయన రంగుల పటములకు పేరు వచ్చిన పిదప అనుకర్తలు బయలుదేరిరి. వారి పటములలో బొట్టు పెద్దది, చీర మెఱయుచుండును. చేతిలో కొడవలి లేదు. అవి గోడకు అలంకారములు. పల్లెకు సాక్ష్యములు కావు.

పెన్సిలుతో బొమ్మ వేయువాడు మొదట పనిని నేర్వవలయును. తునికాకును ఏబదేసి లెక్కించి కట్ట కట్టుదురు. ఆకు తరువాత ఆకును సర్దు వ్రేళ్లు ఆగవు. కట్టకింతయని కూలి గనుక, బొమ్మకై ఆగుమనుట ఆమె కూలిని కోయుటయే. కాని పని తిరిగి తిరిగి అదే భంగిమకు వచ్చును. ఒక కాగితముపై వంగిన నడుమును, వేఱొకదానిపై చేతిని గీయుచు, ఆ భంగిమ మరల వచ్చువఱకు వేచియుండిన చాలును. ఛాయాచిత్రము ఒక్క నిమేషమును పట్టును; పెన్సిలు పదిమాఱులు చూచినదానిని ఒక్క గీతలో నిలుపును. గీసినదానిని ముందుగా ఆమెకే చూపవలయును. కొంకి తప్పుగా పట్టించితివని ఆమె నవ్విన, అంతకు మించిన విమర్శకుడు పట్టణములో దొరకడు.

పాఠశాలలలో చిత్రలేఖనమనగా నేటికిని పుస్తకములోని మామిడిపండును, పూలకుండీని దించుటయే. మిరప కోయు తల్లి సాయంకాలము ఇల్లు చేరి చేతుల మంట కడుగుకొనుచుండగా, ఆ చేతులను గీసికొని రమ్మని ఖానాపురపు ఉపాధ్యాయులు ఒక్కమాఱు పిల్లలకు చెప్పి చూతురు గాక.