శోధన వేళ



శోధన అంటే వాడుకలో వెతకడం, పరీక్షించడం. తెలుగు బైబిలులో మనిషిని తప్పు వైపు లాగే ఆశకు కూడా ఇదే పేరు. కష్టపెట్టి పరీక్షించేదీ శోధనే, సుఖం చూపి ఊరించేదీ శోధనే. రెండోదే ప్రమాదం. అది వచ్చిన సంగతే మనకు తెలియదు.

మత్తయి సువార్త నాలుగో అధ్యాయం చూడండి. 40 దినాల ఉపవాసం తర్వాత యేసుకు ఆకలి వేసింది. శోధకుడు వచ్చి రాళ్లను రొట్టెలు చేసుకోమన్నాడు. ఆకలి తప్పు కాదు, రొట్టే తప్పు కాదు. మనకు కొరత ఎక్కడుందో శోధన ఆ తలుపే తడుతుంది. యేసు వాదనకు దిగలేదు. మూడుసార్లూ ద్వితీయోపదేశకాండం మాటలతోనే జవాబిచ్చాడు. రెండోసారి శోధకుడు కూడా లేఖనమే ఎత్తాడు సుమా! అందుకే లేఖనం పైపైన తెలిస్తే చాలదు.

పేతురు సంగతి వేరు. ప్రాణం పోయినా ప్రభువును విడవనన్నాడు. ఆ రాత్రే, మెలకువగా ఉండి ప్రార్థించమంటే నిద్రపోయాడు. కోడి కూసేలోగా మూడుసార్లు ఆయన్ను ఎరగనన్నాడు. యోసేపైతే పోతీఫరు భార్య పట్టుకోగానే పైవస్త్రం ఆమె చేతిలోనే వదిలి పారిపోయాడు. దాన్ని పిరికితనం అనుకోకండి.

హోసూరులోనో బళ్ళారిలోనో జీతం అందుకుని, బ్రాందీ షాపు ముందు నిలబడి దేవుణ్ణి బలమిమ్మని వేడుకోవడం కంటే చుట్టుదారిన ఇల్లు చేరడం మేలు. శోధనతో పాటు దేవుడు తప్పించుకునే మార్గం కూడా చూపుతాడని పౌలు కొరింథీయులకు రాశాడు. ఆ మార్గం ఒక్కోసారి పక్క సందే కావచ్చు. ప్రార్థన వద్దని కాదు. అది పొద్దున్నే, గడప దాటకముందే చేసుకోండి.