అరగుంతలో నిండు బంతి: జపాను తకోయకి, మన పొంగణాలు

గత విద్యాసంవత్సరంలో ఒకనాటి సాయంత్రం తరగతి ముగిసిన తరువాత కొందరు విద్యార్థులు మా చుట్టూ చేరి, ఫోనులో ఒక వీడియో చూపించారు. జపాను దేశంలోని ఒక వీధి దుకాణం. ఇనుప పలకపై వరుసలు వరుసలుగా గుంతలు. వంటవాడు వాటిలో పలుచని పిండి పోసి, సన్నని ఇనుప పుల్లతో గిర్రున తిప్పి, చూస్తుండగానే బంతులుగా మార్చి, పడవ ఆకారపు దొన్నెలో పెట్టి ఇస్తున్నాడు. "సార్, గుంత సగం బంతి లోతే ఉన్నది కదా, మరి నిండు బంతి ఎట్లా వచ్చింది?" అని వారిలో ఒకరు అడిగారు. ప్రశ్న చిన్నదే, కాని వెంటనే జవాబు చెప్పలేకపోయాము. తెలుగు వ్యాకరణం బోధించే మాకు వంటింటి వ్యాకరణం అంతగా పట్టుబడలేదు. ఆ జవాబును వెతుకుతూ పోగా తెలిసిన సంగతులను ఈ వ్యాసంలో విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

ఆ వంటకం పేరు తకోయకి. జపాను భాషలో 'తకో' అనగా ఎనిమిది కాళ్ల సముద్రజీవి అయిన ఆక్టోపస్. 'యకి' అనగా కాల్చినది. దీని పుట్టినిల్లు ఒసాకా నగరం. అక్కడ ఐజుయా అనే దుకాణం నడిపిన ఎండో తొమెకిచి, అంతకుముందు పశుమాంసం ముక్కలు పెట్టి చేస్తున్న ఇటువంటి ఉండలలో 1935లో ఆక్టోపస్ ముక్కను పెట్టి అమ్మినాడని ప్రసిద్ధి. సమీపంలోని అకాషి పట్టణంలో గుడ్డు ఎక్కువగా వేసి చేసే ఉండలు అప్పటికే ఉన్నాయి. వాటిని పలుచని చారులో ముంచుకొని తింటారు. ఈనాడు ఒసాకాలోని ఇళ్లలో తకోయకి పెనం సర్వసాధారణ వస్తువు. ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ కూర్చుండి, తమ బంతిని తామే తిప్పుకొని తినడం అక్కడి ఆచారం.

ఇంతవరకు వినగానే మన పాఠకులకు తమ ఇంటి అటక మీది వస్తువొకటి గుర్తుకు రాక మానదు. అదే పొంగణాల పెనం. మన పల్లెలలో కొందరు 'పెంక' అంటారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల వారికి పొంగణాలు కొత్త కాదు. వీటినే కోస్తా వారు గుంట పునుగులంటారు. తమిళులకు ఇవి కుళిప్పణియారాలు, కన్నడిగులకు పడ్డు, మహారాష్ట్రులకు ఆప్పే. థాయిలాండులో బియ్యప్పిండి, కొబ్బరిపాలతో చేసే ఖనోం క్రోక్, డెన్మార్కులో శీతకాలపు పండుగ దినాలలో చేసే ఏబ్లెస్కివర్ కూడా గుంతల పెనం మీది వంటలే. మన ముస్లిం ఇళ్లలో చేసే గుల్‌గులేలు కూడా గుండ్రటివే, కాని వాటికి మూకుడు నిండా నూనె కావాలి. గుంతల పెనానికి గుంతకొక అర చెంచా చాలును. తక్కువ నూనెతో గుండ్రని వంట చేయగలగడమే ఈ పెనం గొప్పదనం.

ఇక విద్యార్థి అడిగిన ప్రశ్నకు వద్దాము. గుంతలో పోసిన పిండి మొదట అంచున, అడుగున గట్టిపడుతుంది. నడుమ ఇంకా ద్రవంగానే ఉంటుంది. మనము పొంగణాన్ని పూర్తిగా బోర్లా తిప్పుతాము. జపాను వారు అట్లా చేయరు. ముందు పావు చుట్టు మాత్రమే తిప్పుతారు. అప్పుడు గట్టిపడిన చిప్ప గుంతలో నిలువుగా నిలుస్తుంది. లోపలి పలుచని పిండి కిందికి జారి, ఖాళీ అయిన గుంత భాగాన్ని నింపి, అక్కడ కొత్త గోడ కడుతుంది. గుంత అంచు దాటి పొర్లిన పిండిని కూడా పుల్లతో లోపలికే నెడతారు. మరికొంత తిప్పగా మిగిలిన భాగం మూసుకుంటుంది. కనుక అచ్చు ఇచ్చేది సగమే. తక్కిన సగాన్ని సమయం తెలిసి తిప్పే చేయి ఇస్తుంది. తొందరపడి తిప్పితే చిప్ప చినుగుతుంది. ఆలస్యమైతే లోపలి పిండి కూడా గట్టిపడి, జారడానికి ఏమీ మిగలదు.

పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉండడానికి కూడా కారణం ఉన్నది. పిండిలో నీరు ఉన్నంతవరకు దాని వేడి నూరు డిగ్రీల సెంటిగ్రేడును మించదు. పెనానికి తగిలిన పొరలో నీరు ఆవిరైపోయిన తరువాతనే వేడి ఇంకా పెరిగి, సుమారు 140 డిగ్రీలు దాటినప్పుడు ఎర్రని రంగు, కమ్మని వాసన వేగంగా వస్తాయి. ఈ మార్పును 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయార్ పేరుతోనే రసాయనశాస్త్రం నేటికీ దానిని పిలుస్తున్నది.

రెండు వంటల పిండిలోనూ భేదం ఉన్నది. మన పొంగణాలకు బియ్యం, మినపపప్పు నానబెట్టి, రుబ్బి, రాత్రంతా పులియబెడతాము. పులిసిన పిండిలోని వాయువే వాటిని పొంగిస్తుంది. మూత పెట్టి ఆవిరిపై ఉడికిస్తాము. తకోయకి పిండి పులిసినది కాదు. గోధుమపిండి, గుడ్డు, సముద్రపు నాచుతోను ఎండుచేపతోను కాచిన చారు కలిపి మజ్జిగ వలె పలుచగా చేస్తారు. మూత ఉండదు. ఆ నాచు రుచికి మూలమైన గ్లుటామేటును 1908లో ఇకెదా కికునయె కనుగొని, ఆ రుచికి 'ఉమామి' అని పేరు పెట్టినాడు.

ఆక్టోపస్ మన సంతలలో దొరకదు. అంతేగాక హనఫీ సంప్రదాయంలో జలచరాలలో చేప తప్ప తక్కినవి ఆహారంగా అంగీకరింపబడవు గనుక, మనలో అనేకుల ఇళ్లకు అది దొరికినా పనికిరాదు. అందుచేత మేము కొరమీనును ఎంచుకున్నాము. దీని కండ గట్టిది, ముళ్లు తక్కువ. చేప తల, ఎముకలు అల్లం ముక్కతో అరగంట కాచి వడగట్టితే చారు సిద్ధమవుతుంది. మైదాపిండి 100 గ్రాములు, గుడ్డు ఒకటి, చల్లారిన చారు 300 మిల్లీలీటర్లు, తగినంత ఉప్పు ఉండలు లేకుండా కలపవలెను. చేప ముక్కలను ముందే ఉడికించి, ముళ్లు ఏరి, ఉసిరికాయ గింజంత ముక్కలు చేసుకొనవలెను. ఉల్లికాడలు, అల్లం సన్నగా తరిగి ఉంచుకొనవలెను. పెనం బాగా కాగిన తరువాత గుంతలకు నూనె పూసి, అంచు వరకు పిండి పోసి, ముక్క, ఉల్లికాడ, అల్లం వేసి, పైన మరికొంత పిండి పోయవలెను. రెండు మూడు నిమిషాలకు అంచు గట్టిపడగానే వెదురుపుల్లతో పావు చుట్టు తిప్పవలెను. ఆపైన ఎర్రబడేవరకు అటూ ఇటూ తిప్పుతూనే ఉండవలెను. జపాను వారు పైన పూసే తీపి-పులుపు రసానికి బదులు చింతపండు, బెల్లం, మిరియాలు కలిపిన చిక్కని పచ్చడి సరిపోతుంది. లోపలి పిండి చాలాసేపు సలసల కాగుతూ ఉంటుంది గనుక రెండు నిమిషాలు ఆగి తినడం నోటికి క్షేమం.

ఇది చదివి మేము నేర్పరులమని ఎవరూ భ్రమపడకూడదు. ఒక ఆదివారం విద్యార్థులను మా ఇంటికి పిలిచి ప్రయత్నించాము. అమ్మీ వాడిన పాత పెనానికి తుప్పు పట్టి ఉండగా సబ్బుతో తళతళ తోమి పొయ్యి మీద పెట్టాము. మొదటి వాయి మొత్తం గుంతలకు అంటుకొని పోయింది. రెండవ వాయి చినిగింది. అప్పుడు, ఎప్పుడూ వెనుక బెంచీలో మౌనంగా కూర్చుండే ఒక అబ్బాయి ముందుకు వచ్చి, "సార్, పెనం ఆకలి మీద ఉన్నది, ముందు దానికి నూనె తాగించాలె" అన్నాడు. పెనాన్ని ఆరబెట్టి, పలుచగా నూనె పూసి, పొగ వచ్చేదాకా కాచి చల్లార్చి, మళ్లీ మళ్లీ అట్లాగే చేశాడు. అట్లా కాగిన నూనె ఇనుముపై గట్టి పొరగా మారి, పిండిని అంటనీయదని మేము పుస్తకంలో చదివినది ఆ తరువాతనే. మా చేతిలోని పుల్ల తీసుకొని అతడు తిప్పిన వాయిలో ఒక్క బంతి కూడా చినుగలేదు.

ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే అతడు కొంతసేపు తల వంచుకొన్నాడు. తరువాత, తన తల్లి బస్టాండు దగ్గర పొంగణాలు వేసి తనను చదివిస్తున్నదనీ, తెల్లవారుజామున తానే పెనం వద్ద నిలుస్తాననీ చెప్పాడు. రెండేళ్లుగా ఆ సంగతి తోటివారికి తెలియనీయలేదు. జపాను వంటవాడి చేతిని చూసి ముచ్చటపడిన మన విద్యార్థులే, ఆ బస్టాండు ముందు నుండి రోజూ నడిచి వెళుతున్నారు. మేమూ వెళుతున్నాము.

ఆ మరుసటి వారం నలుగురు విద్యార్థులు అతనితో కలిసి ఆ బండి వద్దకు వెళ్లి, పావు చుట్టు తిప్పడం నేర్చుకొని వచ్చారు. కళాశాల వార్షికోత్సవంలో ఆహారశాల పెట్టినప్పుడు ఆ తల్లిని అతిథిగా పిలిచి, ఆమె పెనం ముందు ఆడపిల్లలనూ మగపిల్లలనూ సమానంగా నిలబెట్టవలసిందిగా కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాము. పరదేశపు విద్యను మెచ్చుకొనడం మంచిదే. అదే విద్య మన వీధి మలుపులో ఉన్నప్పుడు దానికి నమస్కరించడం కూడా చదువులో భాగమే.